దండలు వేసిన రోజు ఎవరూ రైలెక్కలేదు

రైల్వేలో నా ఉద్యోగమంతా లెక్కపెట్టడమే. బియ్యం బస్తాలు, చేపల బుట్టలు, సీట్లకింద మరిచిపోయిన గొడుగులు, టికెట్ లేని మనుషులు, అన్నీ లెక్కపెట్టాను. కమర్షియల్ ఇన్‌స్పెక్టరు అంటే పిల్లనిచ్చేవాళ్లకి వినసొంపుగానే ఉంటుంది గానీ అసలు పని మాత్రం ఇదే. రిటైరై బాపట్లలో ఉంటున్నా ఆ అలవాటు పోలేదు. గారెలు వేస్తే చాలు, పళ్లెంలో ఎన్ని పడ్డాయో చూస్తానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కొత్తగా డిపార్టుమెంటులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ సర్వీసులో గుర్తుండిపోయింది ఏంటండీ అని అడుగుతుంటారు. యాక్సిడెంటో, దొంగతనమో చెబుతాననుకుంటారు పాపం. నాకు గుర్తొచ్చేది మాత్రం లెక్కపెట్టడానికి వెళితే ఒక్క మనిషీ దొరకని రోజు.

దాని గురించి చెప్పాలంటే ముందు కెనడా గురించి చెప్పాలి. కంగారు పడకండి, తొందరగానే వెనక్కి వచ్చేస్తాను.

మా ట్రైనింగు స్కూల్లో ఒక పెద్దాయన రైల్వేల చరిత్ర చెప్పేవారు. భోజనాలయ్యాక క్లాసు. సగం మందిమి కునుకు తీసేవాళ్లం. ఆయనకి ఎందుకోగాని కెనడా అంటే మహా ప్రీతి. వెళ్లి చూసిన మనిషి కాదు, అంతా చదివిన ముచ్చటే. మన వైపు ఊళ్లు ముందుండి రైలు తరువాత వచ్చిందనీ, అక్కడి మైదానాల్లో చాలాచోట్ల పట్టాలు ముందు పడి ఊళ్లు తరువాత మొలిచాయనీ చెప్పేవారు. చైనా నుంచి ఓడలెక్కి వచ్చిన కూలీలు కొండలు తొలిచారట. ఎక్కడెక్కడి దేశాల రైతులో బండి దిగి గోధుమ వేశారట. స్టేషను పక్కన ఎత్తయిన గాదె, గాదె పక్కన కొట్టు, కొట్టు పక్కన చర్చి, బడి. కలప మిల్లులు, ఇనుము కార్ఖానాలు, అన్నీ ఆ పట్టాల చలవేనట. "రైలు ఆగితే ఊరు, ఆగకపోతే బీడు" అని చాక్‌పీసుతో బల్లమీద ఠక్కున కొట్టేవారు. ఆ చప్పుడుకి మాకు మెలకువ వచ్చేది. కెనడాతో మనకేం పని అనుకునేవాణ్ణి నేను. ఆ పని తెనాలి నుంచి రేపల్లె వెళ్లే లైన్లోనే పడుతుందని అప్పుడు తెలియదు.

ఆ లైన్లో ఒక చిన్న హాల్టు ఉంది. హాల్టంటే స్టేషను మాస్టరు ఉండడు. నేలకి జానెడు ఎత్తున ప్లాట్‌ఫారం, ఒక రేకుల గది, అందులో కమీషను మీద టికెట్లమ్మే ఏజెంటు, అంతే. అసలు పాత ఊరు దూరంగా కాలువ అవతల ఉంది. హాల్టు పక్కనున్నది రైలుకట్ట వేసినప్పుడు పుట్టిన ఊరు. మన డెల్టా అంతా పల్లం, వానాకాలంలో చేలూ కాలువలూ ఒకటవుతాయి. అందుకని పట్టాలకి ఎత్తుగా కట్ట కావాలి, కట్టకి మట్టి కావాలి. మెట్ట ప్రాంతాలనుంచి గంపలతో, గాడిదలతో కుటుంబాలు వచ్చి రెండు వైపులా తవ్వి కట్ట పోశాయి. పని అయిపోయాక కొందరు వెళ్లారు, కొందరు గుడిసెల్ని పెంకుటిళ్లు చేసుకుని ఉండిపోయారు. ఆ తవ్విన గుంటల్లో కాలువ నీరు నిలిచింది, నీళ్లలో తామర పట్టింది. ఎవరు వేశారని అడిగితే ఎవరికీ తెలియదు.

ఆ తామరే ఊరికి కూడు పెడుతోంది. ఆడవాళ్లు చీకటుండగానే గుంటల్లో దిగి ఆకులూ పూలూ కోసి, తడిగోనెలో కట్టి, పొద్దుటి బండికి తెనాలి తీసుకెళతారు. తెనాలి మార్కెట్లో మీరు మల్లెపూలు కొంటే తామరాకులో చుట్టి ఇచ్చారంటే, అది మా గుంటల ఆకే కావచ్చు. చూశారా, మా గుంటలు అంటున్నాను. ఆ మూటలనుంచి దారి పొడుగునా నీళ్లు కారతాయి కాబట్టి బస్సు కండక్టరు ఎక్కనివ్వడు. రైలే దిక్కు. ఆకులవాళ్లతోపాటు కాలేజీ పిల్లలు, టైలరింగు షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు, గుంటూరు ఆసుపత్రికి డ్యూటీకి పోయే నర్సమ్మ, అందరూ ఆ బండే. ఆ ఊళ్లో గడియారంతో పని తక్కువ. బండి పోయాక పొయ్యి వెలిగించాననీ, బండి రాకముందే నీళ్లు పట్టాననీ మాట్లాడుకుంటారు. సంబంధాలు చూసేటప్పుడు కూడా బండి ఆగే ఊరని గొప్పగా చెప్పుకుంటారట.

కరోనా వచ్చి రైళ్లన్నీ ఆగిపోయాయి గదా. తిరిగి నడిపినప్పుడు ఆ హాల్టుని ఎత్తేశారు. ఊరివాళ్లు అర్జీల మీద అర్జీలు పెట్టగా పొద్దున తెనాలి వెళ్లే బండికి, సాయంత్రం రేపల్లె వెళ్లే బండికి ఆరు నెలలు ప్రయోగాత్మకంగా స్టాపు ఇచ్చారు. ఆ తరువాత ఎక్కేవాళ్లుంటే ఉంచుతారు, లేకపోతే ఎత్తేస్తారు, మళ్లీ అర్జీ లేదు. చిక్కేంటంటే, సీజన్ టికెట్లు తెనాల్లో తీసుకుంటారు, కుర్రకారు ఫోన్లో కొనుక్కుంటారు, హాల్టు గల్లా చూస్తే ఈగలు. అందుకని తలలు లెక్కపెట్టి రమ్మని ఆఫీసువాళ్లు నన్ను పంపారు. ఎవరికీ చెప్పకుండా వెళ్లాలి, ఒక్కరోజు రెండు బళ్లకీ ఎక్కేవాళ్లని లెక్కపెట్టాలి. నేను మొహమాటానికి పోయి పెంచి రాస్తానేమోనని అకౌంట్సు నుంచి ఒకాయనని తోడిచ్చారు.

ఆయన్ని ఆఫీసులో అందరూ గురువుగారు అనేవారు. గౌరవం కొంత, భయం కొంత, వెటకారం కొంత. డ్యూటీలో ఉండగా ఎవరింటా మంచినీళ్లు కూడా ముట్టరు. ఒకరి టీ తాగితే వాళ్ల లెక్క కాస్త మెత్తగా కనిపిస్తుందని ఆయన సిద్ధాంతం. పెరుగన్నం క్యారియరు, నీళ్ల సీసా, గొడుగు వెంట ఉండాల్సిందే. ఎండ అసలు పడదు, తలనొప్పి వచ్చేస్తుంది. ప్రయాణానికి ముందురోజు నన్ను పక్కకి పిలిచి, ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్లకి కూడా చెప్పొద్దండీ, పొక్కిందంటే లెక్క చెడుతుంది అని హెచ్చరించారు. నేను నిజంగానే మా ఆవిడకి చెప్పలేదు. ఆ సాయంత్రమంతా ఎక్కడికో చెప్పకుండా పోతున్నానని ఆవిడ ముఖం ముడుచుకుంది.

తెల్లవారుతూనే తెనాలినుంచి ఆటోలో వెళ్లాం. కట్ట మలుపు తిరగ్గానే షామియానా కనిపించింది. రెండు వైపులా అరటి బోదెలు కట్టారు, మైకులో పాట మోగుతోంది. ఎవరిదో పెళ్లనుకున్నాను. ముహూర్తాలు బాగున్నట్టున్నాయండీ అన్నారు గురువుగారు కూడా. ఆటో దిగేసరికి ఊరు ఊరంతా మావైపు తిరిగింది. చేతుల్లో దండలు చూశాక అర్థమైంది, పెళ్లికొడుకులం మేమే.

మిషను బడిలో పనిచేసి రిటైరయిన హెడ్మాస్టరుగారు ఆ ఊరికి పెద్దదిక్కు. ఏర్పాట్లన్నీ ఆయనవే. స్టాపు ఉంచాలా తీసేయాలా అని ఆఫీసర్లు చూడటానికి వస్తున్నారు, మన బలం చూపించాలి, రేపెవరూ పనుల్లోకి పోకండి, పిల్లల్ని కాలేజీ మాన్పించండి అని రామాలయం మైకులోనూ చర్చి మైకులోనూ చెప్పించారట. మంత్రిగారు వస్తే అలాగే చేస్తారు గదా, రైల్వేవాళ్లు వచ్చినా అంతే అనుకున్నారు. నర్సమ్మ కూడా సెలవు పెట్టింది. ఆకులవాళ్లు ఆ రోజు కోసిన పూలు ఒక్కటి కూడా మూట కట్టలేదు, అన్నీ దండలే గుచ్చారు. తామరపూల దండ ఎంత బరువుంటుందో మెడలో పడితేగాని తెలియదు. నీళ్లు కాలర్లోంచి వీపుమీదికి కారుతుంటే నవ్వుతూ నిలబడ్డాను. గురువుగారు నవ్వలేదు.

కుర్చీల్లో కూర్చోబెట్టారు. హెడ్మాస్టరుగారు మైకు పట్టుకున్నారు. రైలుకట్ట వేసిన తాతల దగ్గర మొదలుపెట్టి, తామర గుంటల మీదుగా, చదువుకుని పైకొచ్చిన పిల్లల దాకా బాగా మాట్లాడారు. అంతలో రేపల్లెనుంచి బండి వచ్చి ఆగింది. కూత పెట్టింది. హెడ్మాస్టరుగారు మాట ఆపలేదు, గొంతు పెంచారు. జనమంతా చప్పట్లు కొట్టారు. కిటికీల్లోంచి తలలన్నీ మావైపే. గార్డు దిగి అటూ ఇటూ చూశాడు, ఎవరెక్కుతారా అని. ఎవరి చూపూ బండి మీద లేదు. పచ్చజెండా ఊపి ఎక్కేశాడు. ఈ రైలే మా ప్రాణం అని హెడ్మాస్టరుగారు చెయ్యెత్తి చూపించేసరికి ఆయన వెనక ఆఖరి పెట్టె వెళ్లిపోతోంది.

అప్పుడు రేకుల గది తలుపు తీసుకుని ఏజెంటమ్మ వచ్చింది. మనిషి సన్నగా, నెరిసిన జుట్టు, భుజానికి టికెట్ల సంచి. భర్త చేసేవాడు ఆ పని, ఆయన పోయాక తను చేస్తోంది. అంతసేపూ కిటికీ తీసి ఒంటరిగా అక్కడే కూర్చుందట. మైకు దాకా కూడా రాలేదు, కొంచెం దూరంలో నిలబడి మెల్లిగానే చెప్పింది. "మాస్టరుగారండీ, టికెట్ ఇమ్మని ఒక్కరూ రాలేదండి. బండి ఎవరూ ఎక్కలేదు."

చప్పట్లు కొట్టే చేతులు అక్కడే ఆగిపోయాయి. హెడ్మాస్టరుగారు వెనక్కి తిరిగి ఖాళీ పట్టాలు చూశారు. ఆయన మైకు కింద పెట్టి కుర్చీలో కూలబడిన తీరు నేను మరిచిపోలేను. ఊరంతా ప్రాణం పెట్టి చేసిన మర్యాద ఆ ఊరి మీదికే తిరగబడింది.

మేం వస్తున్నట్టు మీకెవరు చెప్పారని అడిగాను. ఆకులవాళ్లలో పెద్దావిడ ఒకామె ముందుకొచ్చింది, తప్పు చేశాననే అనుమానం కూడా లేదు ఆమెకి. "ఈ బాబుగారే గదండీ. నిన్న తెనాలి స్టేషన్లో, రేపు మీ ఊరొస్తున్నాం, కూకోడానికి నీడ ఉంటదా అమ్మా అని నన్నే అడిగారు. రైలాఫీసు బాబులు వస్తుంటే స్టాపు సంగతికేనని మాస్టరుగారు అన్నారండి. పాపం ఎండ పడదేమోనని షామియానా వేయించామండి."

గురువుగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మెడలో దండ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

మిట్టమధ్యాహ్నానికి ఊళ్లో ఒక ఉపాయం పుట్టింది. సాయంత్రం బండికి అందరూ రేపల్లెకి టికెట్ తీసుకుని ఎక్కేద్దాం, అక్కడ దిగి ఆటోల్లో వచ్చేద్దాం, పిల్లలకీ సరదాగా ఉంటుంది అన్నారు. హెడ్మాస్టరుగారి కళ్లలో కూడా కాస్త వెలుగు వచ్చింది. నేను వినపడనట్టు ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఎక్కితే బాగుండుననే ఉంది నాకు. కాదన్నది ఏజెంటమ్మే.

"వద్దండి. రోజూ ఎక్కేవాళ్లం రోజూ ఎక్కేటట్టే చూడాలి గాని, ఇవాళ ఊరంతా పోయొస్తే అది జాతరండి, ప్రయాణం కాదు. రేపు పొద్దున ఆ లెక్క నిలబెట్టేదెవరు?"

మరేం చేద్దాం తల్లీ అన్నారు హెడ్మాస్టరుగారు. ఆమె టికెట్ల సంచి సర్దుకుని రేకుల గదిలోకి వెళ్లిపోయింది. తరువాత నేను కిటికీ దగ్గరికి వెళితే నెమ్మదిగా అంది: "ఈ స్టాపు పోతే నేను ఏ కొట్లోనో కూర్చుంటానండి. ఆకులవాళ్లు ఎక్కడికి పోతారు? తామర ఇంకోచోట పెరగద్దా?" అత్తగారి తాతలు గంపలు మోసిన కట్ట ఇది అని చెప్పి, బయట ఎవరో పిలిస్తే అటు వెళ్లింది.

భోజనాలకి ఊరంతా మా చుట్టూ చేరింది. గురువుగారు తన క్యారియరు తీశారు, సిద్ధాంతం సిద్ధాంతమే. ఆకులావిడ ఒక తామరాకు కడిగి ముందు పరిచింది. ఆయన కాసేపు తటపటాయించి, పెరుగన్నం ఆ ఆకులో బోర్లించుకున్నారు. ఆ ఊళ్లో ఆయన పుచ్చుకున్నది అదొక్కటే. నేను మాత్రం గోంగూర పచ్చడితో మొదలుపెట్టి గారెల దాకా ఏదీ వదల్లేదు. ఎన్ని గారెలని అడగొద్దు.

తిన్నాక కట్టమీద గొడుగు నీడలో కూర్చుని ఆయనకి నచ్చచెప్పబోయాను. రోజూ ఎంతమంది ఎక్కుతారో ఊళ్లో అడిగి తెలుసుకుని ఆ అంకె వేసేద్దాం గురువుగారూ, అబద్ధమేం కాదుగదా అన్నాను. చూడంది రాయనండీ అన్నారు. అయితే సున్నా రాసి, కింద రిమార్కుల్లో జరిగింది వివరంగా రాద్దాం అన్నాను. ఆయన అడ్డంగా తలూపారు. "మీకు ఆఫీసు సంగతి తెలీదా ఏంటండీ. సున్నా చూసినవాడు రిమార్కు దాకా రాడు. ఫైలు మూసేస్తాడు." ముప్పై ఏళ్లకి పైగా ఫైళ్లు మూసిన మనిషి ఆయన.

సాయంత్రం బండికి ఎక్కేవాళ్లు మామూలుగానే తక్కువ. తెనాలినుంచి దిగేవాళ్లే ఎక్కువ. ఆ రోజు పొద్దున ఎవరూ వెళ్లలేదు కాబట్టి దిగేవాళ్లూ లేరు. షామియానా విప్పేశారు. జనం దూరదూరంగా కూర్చుని పట్టాలవంక చూస్తున్నారు. మేమిద్దరం ఆ బండికే రేపల్లె వెళ్లి, అక్కడినుంచి రాత్రి బండికి తెనాలి చేరాలి. దూరాన కూత వినిపించగానే గురువుగారు లేచి, రేకుల గది కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. జేబులోంచి పర్సు తీశారు.

"రేపల్లెకి ఒకటి ఇవ్వమ్మా."

ఏజెంటమ్మ తెల్లబోయింది. "మీకు పాసు ఉంటది గదండీ."

"పాసున్నవాడు టికెట్ కొనకూడదని రూలెక్కడా లేదమ్మా."

ఆ హాల్టులో ఇంకా అట్ట టికెట్లే. తేదీ మిషన్లో పెట్టి ఒత్తితే ఠక్కున చప్పుడవుతుంది. ఆ చప్పుడుకి నాకు చాక్‌పీసు గుర్తొచ్చింది. ఏజెంటమ్మ టికెట్ ఇస్తూ ఆయన్ని చూసిన చూపులో కృతజ్ఞతకన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. వెనకే నేనూ ఒకటి తీసుకున్నాను. బండి ఎక్కి కూర్చున్నాక గురువుగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, రాయండి, ఎక్కినవారు ఇద్దరు అన్నారు. చూడంది రాయరు గదా మీరు అన్నాను. "నేనెక్కడం నేను చూశానుగా. రెండు అన్న అంకె చూస్తే ఇదేంటి ఇద్దరేనా అని కనీసం ఒకడు కిందికి చదువుతాడు."

రేపల్లె స్టేషన్లో చేపల బుట్టల మధ్య బెంచీ మీద కూర్చుని రిపోర్టు రాశాం. రోజూ ప్రయాణం చేసేవారు ఆ రోజు మమ్మల్ని సత్కరించే పనిలో ఉండిపోయారనీ, సమాచారం పొక్కడానికి అకౌంట్సు సిబ్బందే కారణమనీ, కాబట్టి మళ్లీ లెక్కించాలనీ. ఆ రెండో ముక్క నేను రాయనంటే ఆయన పెన్ను లాక్కుని తనే రాశారు. తరువాత టీ చెప్పారు, ఇద్దరికీ. ఆయన నాకు టీ ఇప్పించడం అదే మొదలు.

పైన ఎవరో నిజంగానే కింది దాకా చదివారు. నవ్వుకున్నారనీ, మళ్లీ వెళ్లిరమ్మన్నారనీ తెలిసింది. ఈసారి ముసురు పట్టిన రోజు చూసుకుని వెళ్లాం. రేపల్లెలోనే పొద్దుటి బండెక్కి చెరో పెట్టెలో కూర్చుందామనుకున్నాం గానీ, జనం ఎక్కువై చివరికి ఎదురెదురుగానే పడ్డాం. ఇంటి దగ్గర నేను చెప్పలేదు, ఆయన ఎవరినీ నీడ అడగలేదు.

ఆ తరువాత ఆర్డరు రావడం, స్టాపు ఖాయం కావడం, హెడ్మాస్టరుగారు తెనాలి ఆఫీసుకి మళ్లీ దండలతో బయల్దేరితే మేం చేతులు జోడించి ఆపడం, అవన్నీ కాగితాల సంగతులు. నేను చెప్పదలచుకున్నది బండి ఆ హాల్టులో ఆగిన ఆ ఒక్క నిమిషం గురించి.

ఆగీ ఆగకముందే తలుపుల దగ్గర గొడుగులు ముడుచుకున్నాయి. తడి మూటలు లోపలికి పడుతున్నాయి. కాలేజీ పిల్లలు, నర్సమ్మ, టైలరింగు పిల్లలు, జరగండమ్మా జరగండి అంటూ ఆకులవాళ్లు. ఒక మూట సరిగ్గా గురువుగారి పాలిషు బూట్లమీద దిగింది, నీళ్లు మేజోళ్లలోకి పోయాయి. ఆయన కాళ్లు ముడుచుకుని చోటిచ్చి, లెక్క ఆపలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. నావీ అంతే. అంకె ఎక్కడ తప్పిపోతుందోనని ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఏజెంటమ్మ తేదీ ఒత్తిన టికెట్లు చేతపట్టుకుని, కొనకుండా ఎక్కినవాళ్ల కోసం వానలో తడుస్తూ కిటికీల పొడుగునా, టికెట్, టికెట్ అని అడుగుతూ వస్తోంది. మా కిటికీ దగ్గరికి వచ్చేసరికి మమ్మల్ని చూసింది. గుర్తుపట్టింది. ఒక్క క్షణం ఊరివైపు తిరిగి చూసింది, ఎవరైనా గమనించారేమోనని. ఎవరూ చూడలేదు, అందరూ ఎక్కే తొందరలో ఉన్నారు. గురువుగారు అలవాటైనవారిలా పర్సు తీసి, తెనాలికి ఒకటి అన్నారు.

ఆమె డబ్బు తీసుకోలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, మా ఇద్దరికే వినపడేటట్టు చెప్పింది.

"ఇవాళ మీతో పని లేదండి బాబూ. ఊరు ఎక్కింది."

బండి కదిలింది. గురువుగారు పర్సు జేబులో పెట్టుకుని, తడిసిన కళ్లద్దాలు తుడుచుకుని, నా లెక్క ఎంతవరకు వచ్చిందో అడిగారు.